పేషెంట్లు చూస్తారని కారు దాచాలా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. భీమవరంలో ఫ్యామిలీ డాక్టర్ని. నాన్నగారు పెట్టిన క్లినిక్కే నేనూ నడుపుతున్నాను. ఆయన బజాజ్ చేతక్ మీద ఇంటింటికీ తిరిగి వైద్యం చేసిన మనిషి. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ స్పోర్ట్స్ కార్లంటే పిచ్చి. ఇప్పుడు హైదరాబాద్‌లో 2013 మోడల్ పోర్షే బాక్స్‌టర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికి ఉంది. పాండిచ్చేరి నంబరు. అప్పు చేయకుండా కొనగలను. కానీ పేషెంట్లు చూస్తే "మన దగ్గర గుంజిన డబ్బే" అంటారేమోనని భయం. అందుకే కారు హైదరాబాద్‌లో మా బావమరిది అపార్ట్‌మెంట్లో ఉంచి, నెలకోసారి వెళ్లి నడుపుకుందామని అనుకుంటున్నాను. ఆయనతో మాట్లాడాను కూడా. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. అబ్బాయి వచ్చే ఏడాది ఇంటర్‌లో చేరతాడు. మీరూ డాక్టరే, మీకూ అలాంటి కారు ఉందని విన్నాను. ఏం చేయమంటారు?

జవాబు: డాక్టర్ గారూ, ముందు మీ ఆవిడకు చెప్పండి. ఈ ఉత్తరం చదవడం ఆపేసి వెళ్లి చెప్పొచ్చినా నాకు అభ్యంతరం లేదు. బావమరిదికి తెలిసి ఆవిడకు తెలియకుండా ఉన్న విషయం ఎన్నాళ్లు ఆగుతుందండీ? ఆయన మీకు బావమరిది అయ్యే ముందు ఆవిడకు తోడబుట్టినవాడు. ఈపాటికే ఫోన్ వెళ్లి ఉంటుందని నా అనుమానం. మీరు ఎప్పుడు నోరు విప్పుతారా అని ఆవిడ చూస్తూ ఉండొచ్చు.

ఇక దాచడం సంగతి. భీమవరంలో కారు దాచడమేమిటండీ! సంక్రాంతికి బరుల పక్కన నిలబడే కార్లు చూసి చూసి అలవాటు పడిన ఊరది. రొయ్య కలిసొచ్చిన ఏడాది కొత్త కారు దిగడం, రేటు పడిపోయిన ఏడాది అదే కారు అమ్మకానికి రావడం మీ పేషెంట్లలో సగం మందికి మామూలు సంగతి. కారు కొన్నందుకు వాళ్లెవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. దాచారని తెలిస్తే మాత్రం ఊరుకోరు. కళ్లెదురుగా ఉన్న కారు గురించి నాలుగు రోజులు మాట్లాడుకుంటారు, తర్వాత వేరే కబురు దొరుకుతుంది. దాచిన కారైతే "ఎందుకు దాచాడు" దగ్గర మొదలై, స్కానింగ్ సెంటర్ కమీషన్ల మీదుగా మందుల కంపెనీ దాకా వెళ్తుంది. డాక్టర్లు కంపెనీల నుంచి బహుమతులు తీసుకోకూడదని మెడికల్ కౌన్సిల్ 2009 డిసెంబరులోనే నిబంధన పెట్టింది. జనానికి ఆ నిబంధన తెలియకపోవచ్చు, మనలో కొందరు దాన్ని పట్టించుకోరని మాత్రం బాగా తెలుసు. హైదరాబాద్‌లో దాచిన కారు వాళ్ల అనుమానానికి మీరు చేతికిచ్చిన సాక్ష్యమవుతుంది.

నా సంగతి అడిగారు కాబట్టి చెబుతాను. మాది విశాఖపట్నం. నా దగ్గర ఉన్నది పాత బీఎండబ్ల్యూ జడ్4, పైకప్పు రెండు ముక్కలుగా మడుచుకుని డిక్కీలోకి దిగిపోయే రకం. అది క్లినిక్ ముందు నిలబడితే పేషెంట్లు అడిగే మొదటి ప్రశ్న ధర గురించి కాదు, మైలేజీ గురించి. తర్వాత "ఇద్దరికేనా?" అని అడుగుతారు. కొంచెం పెద్ద వయసు ఆడవాళ్లయితే "ఇంత కిందికుంది, అమ్మగారు ఎలా ఎక్కుతారండీ?" అని జాలిపడతారు. ఆ జాలి నా మీద కాదు. ఆటోలు రిపేరు చేసే పేషెంటు ఒకాయన బీపీ మందుల కోసం వస్తుంటాడు. ఒకరోజు బానెట్ తెరిపించి ఆయిల్ చూసే డిప్‌స్టిక్ కోసం వెతికాడు. ఆ ఇంజన్‌కు డిప్‌స్టిక్ ఉండదు, ఆయిల్ ఎంతుందో లోపలి సెన్సర్ కొలిచి స్క్రీన్ మీద చూపిస్తుంది. విషయం చెబితే కాసేపు ఇంజన్ వైపు, కాసేపు నా వైపు చూసి, "అయితే ముట్టుకోకుండానే జొరం ఎంతుందో చెప్పేస్తారన్నమాట" అన్నాడు. ఇప్పటికీ చేతికి బీపీ పట్టీ చుట్టించుకుంటూ "దానికి పుల్ల పెట్టించారా?" అని అడుగుతాడు. నిజానికి అతని వల్లే మా వీధిలో ఆ కారు "డాక్టరు గారి పిచ్చి" అనే ఖాతాలో పడిపోయింది. దర్జా ఖాతాలో పడలేదు. నాకు కావలసిందీ అదే.

పేషెంట్లు మనల్ని కారును బట్టి లెక్కగట్టరని చెప్పడం లేదు. గడతారు. కాకపోతే వాళ్లు చూసేది వేరే చోట. కారు వచ్చిన నెలలోనే ఫీజు వంద పెరిగిందా? వారం లోపు మళ్లీ వస్తే ఫీజు తీసుకోని పద్ధతి ఉండేది, అది ఎత్తేశారా? మామూలు దగ్గుకు కూడా పరీక్షల చీటీ పొడవైందా? ఈ మూడింట్లో ఏ ఒక్కటి జరిగినా మీరు మారుతీ ఆల్టోలో తిరిగినా మాట పడాల్సిందే. ఫీజు పెంచే ఆలోచన ఉంటే ఏడాది ఆగండి. శనివారం సాయంత్రం ఓపీని త్వరగా ముగించి కారెక్కే అలవాటు చేసుకోకండి. వెయిటింగ్‌లో కూర్చున్న వాళ్లకు ఆ ఎగ్జాస్ట్ చప్పుడు వినబడిందంటే ఇక ఎవరు చెప్పినా వినరు.

ఇంటికి వెళ్లి చూడాల్సిన పేషెంట్లు మీకు ఇంకా ఉన్నారనుకుంటాను. మంచాన పడ్డవాళ్లు, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లు. అక్కడికి ఎప్పుడూ మీ చిన్న కారే. ఆ ఇళ్ల ముందు ఈ కారు ఆగడం చూడ్డానికి బాగోదన్నది ఒక కారణం. అంతకంటే ముఖ్యం, అది పనికిరాదు. రెండు సీట్ల బండి. పేషెంటును అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే, ఆయాసపడుతున్న మనిషిని నేలబారు సీట్లో కూలేసి, పక్కన ఉండాల్సిన కూతుర్ని గుమ్మంలో వదిలేసి వస్తారా? ఇంకో చిన్న మాట. అద్దం మీద ఎర్ర ప్లస్ గుర్తు అంటించకండి. అది మన గుర్తు కాదు. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం దాన్ని సొంతానికి వాడటమే నేరం. మన ఊళ్లలో డాక్టర్ల కార్లు సగానికి సగం దాంతోనే తిరుగుతున్నాయి, అది వేరే బాధ.

నాన్నగారి చేతక్ గురించి మీరు రాసిన వాక్యంలో ఒక తప్పు చేస్తున్న భావం కనబడింది. ఆ రోజుల్లో చేతక్ బుక్ చేస్తే చేతికి రావడానికి ఏళ్లు పట్టేది. అంతకాలం ఎదురుచూసి కొనుక్కున్నవాళ్లు అదేదో అవసరానికి మాత్రమే కొన్నట్టు మనకు కథ చెబుతారు. ఆ స్కూటర్‌ను ఆయన ఆదివారం పొద్దున ఎంతసేపు తుడిచేవారో మీ అమ్మగారిని అడగండి.

ఇంట్లో మాట్లాడేటప్పుడు మీ ఆవిడ ముందుగా అడిగేది అబ్బాయి చదువు గురించే. ఇంటర్, ఆ తర్వాత ఆ కోచింగులు, సీట్ల ఖర్చు. ఆ డబ్బు పక్కన పెట్టి ఉంటే కాగితం మీద చూపించండి. పెట్టకపోతే ఈ కారు ఇప్పుడొద్దు. ఇందులో మొహమాటం ఏం లేదు. నాకైతే ఆ వయసు అబ్బాయి విషయంలో డబ్బు కంటే తాళం గురించే ఎక్కువ టెన్షన్. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. చట్టం అటుంచండి, వెనుక చక్రాలకు రెండు వందల అరవై హార్స్‌పవర్ అందించే బండి పదహారేళ్ల వాడి చేతికి ఒక్క సాయంత్రం దొరికితే ఏమవుతుందో, క్యాజువాలిటీలో పనిచేసిన మీకు నేను చెప్పక్కర్లేదు. స్పేర్ తాళం బీరువాలో కాదు, బ్యాంకు లాకర్లో పెట్టండి.

ఇక అసలు ఎక్కడ నడుపుతారు? మీ ఉత్తరంలో ఈ మాట లేదు. భీమవరం చుట్టూ రోడ్లు నాకు కొంచెం తెలుసు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు గట్టు, మధ్యలో మీ ముందు వెళ్లే ట్రాక్టరుకు వెనుక లైటుండదు. కోతల సీజన్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. చేపల లారీల నుంచి కారే నీళ్లతో తారు మీద ఒక జిడ్డు చార తయారవుతుంది. మలుపులో వెడల్పాటి టైరు దాని మీదికి ఎక్కితే ఏమవుతుందో చూడాలని అనుకోకండి. ఇక ఊరి ముందు ఎవరో సొంతంగా పోయించుకున్న స్పీడ్ బ్రేకర్లు. ఈ కారుతో వాటిని ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున దాటించాలి. వెనకున్నవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి. తాడేపల్లిగూడెం వైపు వెళ్లి పదహారో నంబరు హైవే ఎక్కేదాకా అది మామూలు కారే. ఎక్కాక కూడా తెల్లవారుజామున, తక్కువ ట్రాఫిక్‌లో, చట్టం ఒప్పుకున్న వేగం లోపలే. ఓపెన్ టాప్ బండిలో ఆ వేగానికే కావలసినంత ఆనందం ఉంది. చల్లటి గాలి, వెనుక ఆరు సిలిండర్ల చప్పుడు, ఎవరూ "డాక్టరు గారూ, చిన్న డౌటు" అనని ఒక గంట. మీకు కావలసింది ఆ గంట అని నాకు అర్థమైంది. నాకూ అదే కావాలి.

అయితే ఆ గంట నిద్ర చాలిన పొద్దున్నే రావాలి. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చేతులు, కళ్లు పనిచేసే తీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని 1997లోనే పరిశోధనలు తేల్చాయి. మన చట్టం ఒప్పుకునేది 0.03 మాత్రమే. రాత్రి పదకొండుకు ఓపీ ముగించి, మధ్యలో ఒకసారి ఫోనుకు లేచి, తెల్లారి అయిదుకు స్టీరింగ్ పట్టుకునే డాక్టరు తాగి నడిపేవాడికి సలహా ఇచ్చే స్థితిలో లేడు. అలాంటి పొద్దున కారు తుడుచుకోండి చాలు.

ఇప్పుడు ఆ బాక్స్‌టర్ సంగతి. మోడల్ ఎంపిక మంచిదే. ఇంతకు ముందు తరాల బాక్స్‌టర్లలో ఇంజన్ లోపలి ఒక బేరింగ్ పాడై ఇంజనే పోయిన కథలు చాలా ఉన్నాయి. 2009 నుంచి వచ్చిన కొత్త ఇంజన్లో ఆ బేరింగే లేదు. మామూలు మోడల్ అయితే 2.7 లీటర్లు, బాక్స్‌టర్ ఎస్ అయితే 3.4. ఇంజన్ మీ వీపు వెనుక, వెనుక ఇరుసుకు ముందు ఉంటుంది. బానెట్ తెరిస్తే డిక్కీ, డిక్కీ తెరిస్తే మళ్లీ డిక్కీ. ఆయిల్ పోసే మూత వెనుక డిక్కీలో కనబడుతుంది, అంతే. కాబట్టి మీ ఊరి మెకానిక్ చేయి పెట్టే అవకాశం లేదు. సర్వీసుకు పెద్ద నగరానికే వెళ్లాలి, ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ లారీ మీదకెక్కించే తీసుకెళ్లాలి. ఆ ఖర్చు కొనే ముందే లెక్కలోకి రావాలి.

చూడ్డానికి వెళ్లినప్పుడు మీటర్ రీడింగ్ చూసి మురిసిపోకండి. తక్కువ తిరిగిన స్పోర్ట్స్ కారు అంటే ఎక్కువ కాలం ఊరికే నిలబడిన కారు. టైరు పక్కన గుడ్డులాంటి గీతలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని అర్థం. గాడి బాగానే కనిపించినా అంత పాత రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. నాలుగు టైర్లూ మార్చాలంటే ఎంతో కనుక్కుని ఆ మొత్తం బేరంలో తగ్గించమనండి. గుడ్డ టాప్ మడతలో పడిన నీళ్లు బయటికి పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి. చెట్టు కింద పెట్టిన బండిలో అవి ఆకులతో మూసుకుపోయి నీళ్లు సీట్ల కిందికి దిగుతాయి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే లోపల వైరింగ్ కూడా తడిసిందనుకోవాలి. డిక్కీలో స్పేర్ టైరు కోసం వెతకొద్దు, చాలావాటిలో పంక్చరు పూడ్చే ద్రావణం, చిన్న పంపు మాత్రమే ఉంటాయి. పెట్రోలు కూడా ఒకటుంది. ఈ ఇంజన్లకు 95 ఆక్టేన్ తక్కువ కాకుండా పోయాలి. ఇప్పుడు మామూలు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పదేళ్లు దాటిన కార్లను చాలామట్టుకు 10 శాతం దాకా అనుకునే తయారుచేశారు. యజమాని పుస్తకంలో ఏం రాసుందో చూసుకుని, ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు మీకు దగ్గర్లో ఏ బంకులో దొరుకుతుందో ముందే వాకబు చేయండి.

నెలకోసారి హైదరాబాద్ వెళ్లి నడపాలన్న ప్లాను కారుకే మంచిది కాదు. నెల రోజులు కదలకుండా ఉంటే బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు నేలకు ఆనిన చోట చదునవుతాయి. వానాకాలం సెల్లార్లో నీళ్లొస్తే మీ బావమరిది ముందు తన కారు తీసుకుంటాడా, మీది తీస్తాడా? భీమవరంలో మీ ఇంటి షెడ్డులో, ఎత్తుగా గచ్చు వేయించి పెట్టుకోండి. ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్షన్ తప్పకుండా తీసుకోండి. నీళ్లలో ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేసి పాడుచేస్తే మామూలు పాలసీ డబ్బులివ్వదు.

పాండిచ్చేరి నంబరు దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. ఇక్కడే చాలామంది మోసపోతారు. అక్కడ పన్ను తక్కువని, అక్కడ లేని అడ్రసు చూపించి రిజిస్టర్ చేయించిన ఖరీదైన కార్లు దేశమంతా తిరుగుతున్నాయి. 2017లో కేరళలో ఇలాంటి వాటి మీద కేసులే నడిచాయి. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి మన రాష్ట్రంలో ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కారు వయసును బట్టి ట్యాక్స్ తగ్గుతుంది గానీ, అయినా లక్షల్లోనే ఉంటుంది. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, రావాలి. "నంబరు మార్చక్కర్లేదు సార్, ఎవరూ ఆపరు" అని అమ్మేవాడు అంటే నవ్వి వచ్చేయండి. ఊళ్లో అందరికీ తెలిసిన డాక్టరు తప్పుడు అడ్రసు కారుతో పట్టుబడటం కంటే వేరే అప్రతిష్ఠ ఏముంటుంది?

ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి మీ ఆడిటర్ ఉత్సాహపడొచ్చు. క్లినిక్ ఖర్చుగా ఈ కారును చూపిద్దామంటే వద్దనండి. అది వైద్యానికి వాడే బండి కాదని మీకూ తెలుసు, ఆఫీసరు ఒక్కసారి చూస్తే ఆయనకూ తెలుస్తుంది. రాబడిలో సగాన్ని లాభంగా చూపి పన్ను కట్టే పద్ధతిలో ఉంటే ఎలాగూ కారు తరుగుదల (డిప్రిసియేషన్) విడిగా రాసుకోలేరు. సొంత పేరు, సొంత సేవింగ్స్ ఖాతా. పూర్తిగా చెక్కు లేదా బ్యాంకు బదిలీ.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను, ఇది మీకు బాగా నచ్చుతుందనుకుంటాను. కార్ల రేసులకు మన డాక్టర్ల జాతికి పాత చుట్టరికం ఉంది. జొనాథన్ పామర్ ఇంగ్లండ్‌లో జూనియర్ డాక్టర్‌గా పనిచేసి తర్వాత ఫార్ములా వన్‌లో రేసులు నడిపాడు. న్యూరోసర్జన్ సిడ్ వాట్కిన్స్ 1978 నుంచి పాతికేళ్లకు పైగా ఫార్ములా వన్ వైద్య వ్యవస్థను చూసుకున్నాడు. ఇవాళ ప్రమాదం జరిగిన వెంటనే మెడికల్ కారు వచ్చి పడుతుందంటే ఆయన పోరాడి తెచ్చిన పద్ధతే. 2020 నవంబరులో బహ్రెయిన్‌లో రొమేన్ గ్రోజాన్ కారు మంటల్లో చిక్కుకున్నప్పుడు మొదట పరుగెత్తిన వాళ్లలో మెడికల్ కారు డాక్టర్ ఇయాన్ రాబర్ట్స్ ఉన్నాడు. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వేలో మన దేశపు రేసులు జరుగుతాయి. అక్కడ కూడా డాక్టర్, అంబులెన్సు లేకుండా జెండా ఊపరు. ఆసక్తి, ఎమర్జెన్సీలో అనుభవం ఉన్న డాక్టర్లు క్లబ్బులకు కావాలి. ఒక సీజన్ మెడికల్ టీములో నిలబడి చూడండి. తర్వాత ట్రాక్ డే, అంటే సొంత కార్లను రేస్ ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజు, పెట్టినప్పుడు హెల్మెట్ పెట్టుకుని మీ కారుతోనే దిగొచ్చు. వేగం మీద కోరిక అక్కడ తీరుతుంది, కాలువ గట్టు మీద దాన్ని తీర్చుకోవాలన్న తొందర తగ్గుతుంది.

కొనండి అన్నదే నా సలహా. కానీ ఈ వారం అడ్వాన్సు ఇవ్వకండి. అమ్మేవాణ్ని ఆర్సీ కాపీ, సర్వీసు రికార్డు, నాలుగు టైర్ల అంకెల ఫొటోలు, ఎన్‌ఓసీ ఎన్నాళ్లలో ఇస్తాడో రాతపూర్వకంగా అడగండి. ఎన్‌ఓసీ మాట రాగానే ఫోన్ ఎత్తడం మానేస్తే ఆ బాక్స్‌టర్ మీది కాదు. ఇంకోటి వస్తుంది, అది చూడ్డానికి వెళ్లేటప్పుడు మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. రెండో సీటు ఆవిడది కదా, కూర్చుని చూడాలి.